సెల్లార్‌లో చెమ్మ: లోపల పెయింటు వేయించాలా, బయట తవ్వించాలా?

మెట్లకింద

అందరికీ నమస్కారం. మా ఇంటి కింద, నేలమట్టానికి దిగువన, ఒక పెద్ద గది ఉంది. దాని గోడల్లో మూడు పూర్తిగా మట్టిలో ఉంటాయి, నాలుగో వైపు మెట్లు ఉన్నాయి. గోడలు కాంక్రీటువి, వాటి మీద సిమెంటు ప్లాస్టరింగు, ఆపైన పెయింటు ఉన్నాయి. నేల నునుపు చేసిన సిమెంటుది.

గోడల అడుగుభాగాన మోకాలెత్తు వరకు పెయింటు పొక్కులు లేచి పెచ్చులుగా రాలుతోంది. పెచ్చు ఊడిన చోట తెల్లని పొడి కనిపిస్తోంది. పెద్ద వాన కురిసినప్పుడు, మెట్లకు ఎదురుగా ఉన్న మూలలో గోడా నేలా కలిసే చోట ఒక తడి గీత ఏర్పడుతోంది. నన్ను తికమక పెడుతున్న సంగతి మరొకటి ఉంది. వాన చుక్క లేని ఉక్కపోత రోజుల్లో కూడా, తలుపూ కిటికీలూ తెరిచి గాలి ఆడేలా ఉంచినా, నేల తడిగానే ఉంటోంది. కింద పెట్టిన అట్టపెట్టెల అడుగున నల్లని మచ్చలు వచ్చాయి, గదంతా ముక్కిన వాసన వస్తోంది.

ఇద్దరు మేస్త్రీలను పిలిచి చూపించాము. లోపలి గోడలకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే సరిపోతుందని ఒకరన్నారు. ఇంటి చుట్టూ పునాది దాకా తవ్వి బయటి నుంచి పొర వేయాల్సిందేనని మరొకరన్నారు. మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. ఆయన చదువుకునే గది ఇదే కాబట్టి తాత్కాలికంగా మరుగుపరిచే పని చేయించడం నాకు ఇష్టం లేదు. ఈ రెండింటిలో ఏ మాట వినాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

---

పునాదిరాయి

మెట్లకింద గారూ, ఇప్పటికి ఆ రెండు మాటల్లో దేన్నీ వినకండి. నీరు ఏ దారిన వస్తోందో తేలకుండా చెప్పిన మందు ఏదైనా ఊహే అవుతుంది. నేను నిర్మాణ రంగంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సెల్లార్ చెమ్మ గురించి నన్ను అడిగినవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక పని చేయించి, అది విఫలమయ్యాక వచ్చినవారే.

నేలకింది గదిలోకి తడి రావడానికి ప్రధానంగా నాలుగు దారులు ఉంటాయి. మొదటిది వాననీరు, భూగర్భ జలం వంటి ద్రవరూపంలోని నీరు పగుళ్ల గుండా, జాయింట్ల గుండా నేరుగా కారడం. రెండవది, కాంక్రీటులోనూ ఇటుకలోనూ ఉండే అతి సన్నని రంధ్రాల గుండా తడి మట్టిలోని నీరు పాకుతూ లోపలికి, పైకి రావడం. ఇక్కడ ఎక్కడా కారినట్టు కనిపించదు, గోడ మాత్రం చెమ్మగిల్లుతుంది. మూడవది, నీరు ఆవిరి రూపంలోనే నేలకు పోసిన కాంక్రీటు శ్లాబును దాటి రావడం. నాలుగవది అసలు మట్టికి సంబంధించినదే కాదు. గదిలోని గాలిలో ఉన్న ఆవిరి చల్లని గోడ మీద, నేల మీద నీటిబొట్లుగా మారడం. ఇవి కాక ఇంటి నీటి గొట్టాలు లీకవడం ఎలాగూ ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ గదిలో ఒకటి కాదు, కనీసం రెండు దారులు ఉన్నాయని నాకు అనిపిస్తోంది.

తెల్లని పొడి సంగతి ముందు చెబుతాను. గోడలో ఉన్న లవణాలను నీరు కరిగించుకుని ఉపరితలం దాకా తెస్తుంది, అక్కడ నీరు ఆవిరై లవణం మిగిలిపోతుంది. పెయింటును వెనకనుంచి నెట్టి పొక్కులు లేపేది కూడా ఈ లవణ స్ఫటికాలే, దాని వెనుక ఉన్న నీరే. ఆ పొడి మీద కొద్దిగా నీరు చిలకరించి చూడండి. కరిగిపోతే ఉప్పు, కరగకుండా పీచుగా మిగిలితే బూజు అయ్యే అవకాశం ఎక్కువ. ఉప్పు ఉందంటే గోడ గుండా నీరు ప్రయాణించిందని అర్థం. ఇప్పటికీ ప్రయాణిస్తోందా, ఎప్పుడో జరిగి ఆగిపోయిందా అన్నది మాత్రం ఆ పొడి చెప్పదు.

అందుకు ఒక పరీక్ష ఉంది. పెయింటు గీకేసిన గోడ మీద, అలాగే ఖాళీ నేల మీద, మూరెడు పొడవూ మూరెడు వెడల్పూ ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. కాంక్రీటు నేలలకు వాడే ఏఎస్‌టీఎం డి4263 అనే ప్రామాణిక పరీక్షా పద్ధతిలో ఈ షీటును కనీసం 16 గంటలు ఉంచాలని ఉంది. ఒకటి రెండు రోజులు ఉంచితే ఇంకా మంచిది. షీటు వెనుక వైపు, అంటే గోడకు తగిలే వైపు, బొట్లు కనిపిస్తే తడి గోడలోంచి వస్తోంది. గది వైపున తడిసి వెనుక పొడిగా ఉంటే ఆ నీరు గాలిలోంచి వచ్చింది. రెండు వైపులా తడిస్తే రెండు సమస్యలూ ఉన్నట్టు. ఒక్కచోటే చేసి ఊరుకోకండి. తడి మూల దగ్గర, దానికి దూరంగా ఉన్న గోడ మీద, నేల మధ్యలో విడివిడిగా చేసి, ఫలితాలు ఇక్కడ రాయండి.

---

గాలివాటు

ఉక్కపోత రోజుల్లో కిటికీలు తెరిచినా నేల తడిగా ఉంటోందని రాశారు. కిటికీలు తెరవడం వల్లనే తడి ఎక్కువవుతూ ఉండవచ్చు. చాలామంది నమ్మలేని విషయం ఇది. అందుకే లెక్కతో చెబుతాను.

బయట గాలి 30 డిగ్రీల సెల్సియస్ వేడితో, 70 శాతం తేమతో ఉందనుకోండి. అలాంటి గాలిలో ఒక్కో ఘనపు మీటరుకు సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి దాదాపు 24 డిగ్రీలకు చల్లబడగానే ఇక ఆవిరిని మోయలేని స్థితికి వస్తుంది. దాన్నే తుషార బిందువు అంటారు. నేలలోపలి మట్టి ఎండకు త్వరగా వేడెక్కదు కాబట్టి మీ సెల్లార్ నేల 22 డిగ్రీల దగ్గర ఉండటం అసాధారణమేమీ కాదు. 22 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 19 గ్రాముల ఆవిరినే పట్టి ఉంచగలదు. మిగిలిన రెండు గ్రాములు నేల మీద నీరవుతాయి. చల్లని నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టే ఇదీ జరుగుతుంది. కిటికీ తెరిచి ఉన్నంతసేపూ కొత్త గాలి కొత్త ఆవిరిని మోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి ఈ నీరు ఆగదు.

కాబట్టి గాలి ఆడించడం ఎప్పుడూ మంచిదేనన్న మాట సెల్లార్ విషయంలో నిజం కాదు. బయటి గాలి తుషార బిందువు గది నేల ఉష్ణోగ్రత కంటే తక్కువ ఉన్నప్పుడే కిటికీలు తెరవాలి. చల్లని, పొడి గాలి ఉన్న వేళల్లో అది నిజంగా మేలు చేస్తుంది. ఉక్కగా ఉన్న రోజున మూసి ఉంచడమే మేలు. తేమనూ ఉష్ణోగ్రతనూ చూపించే చిన్న హైగ్రోమీటర్లు రెండు కొని ఒకటి బయట నీడలో, మరొకటి సెల్లార్‌లో నేలకు దగ్గరగా పెట్టండి. ఈ రెండు అంకెలు చూడటం అలవాటైతే ఏ రోజు ఏం చేయాలో మీకే తెలుస్తుంది. లోపల తేమ 60 శాతం దాటకుండా, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి.

---

ఇంటిపట్టున

నేను కొంచెం వేరే మాట చెబుతాను. మా సెల్లార్‌లో కూడా ఇలాగే పెయింటు పొక్కులు లేచేది. పాత పెయింటు, ప్లాస్టరు పూర్తిగా కొట్టేయించి, లోపలి వైపునే వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు వేయించాము. అప్పటినుంచి గోడ పొడిగా ఉంది. లోపలి పూత పనికిరాదని అందరూ తీసిపారేయడం వల్ల, తవ్వకానికి భయపడేవారు ఏమీ చేయించకుండానే ఉండిపోతున్నారని నా అభిప్రాయం. అందరి గోడలకూ ఒకే స్థాయిలో నీటి ఒత్తిడి ఉండదు కదా.

---

పునాదిరాయి

ఇంటిపట్టున గారూ, మీ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది. గోడ అవతల మట్టి కేవలం తడిగా ఉన్నప్పుడు లోపలి పూత నిలబడవచ్చు. అవతల నీరు నిలిచినప్పుడు పరిస్థితి వేరు. నిలిచిన నీటి లోతు ప్రతి మీటరుకు, చదరపు మీటరు గోడ మీద సుమారు ఒక టన్ను బరువుతో సమానమైన ఒత్తిడి పెరుగుతుంది. రెండు మీటర్ల లోతు నీరు ఉంటే గోడ అడుగున రెండు టన్నులన్న మాట. బయటి వైపు వేసిన పొరను ఆ ఒత్తిడి గోడకు అదుముతుంది, లోపలి వైపు వేసిన పొరను గోడనుంచి ఊడదీస్తుంది. అందుకే ఒకే డబ్బాలోని పూత రెండు వైపులా ఒకేలా పనిచేయదు.

లోపలి వైపున కూడా ఒత్తిడిని తట్టుకునేవి ఉన్నాయి. సిమెంటు ఆధారిత పూతలు కాంక్రీటుతో గట్టిగా కలిసిపోతాయి. స్ఫటికీకరణ పద్ధతిలో పనిచేసే పూతలైతే కాంక్రీటు రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి, నీటితో చర్య జరిపి, అక్కడ కరగని స్ఫటికాలుగా మారి దారి మూసేస్తాయి. మీ ఇంట్లో పాత పెయింటునూ ప్లాస్టరునూ పూర్తిగా కొట్టేయించారని రాశారు. ఆ పని సరిగ్గా జరగడం వల్లనే మీ పూత నిలిచింది. పాత పెయింటు మీదనే కొత్త పూత పూస్తే, అది పాత పెయింటుతో పాటే ఊడి వస్తుంది. అయితే ఇలాంటి గట్టి పూతలు కదిలే పగులును పట్టి ఉంచలేవు. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. లోపలి పూత గోడలోకి నీరు రాకుండా ఆపదు, గోడలోనే ఉంచేస్తుంది. అందులోని ఇనుప కడ్డీలు తడిలోనే ఉంటాయి.

---

గొట్టంపని

ప్లంబింగ్ వైపునుంచి రెండు మాటలు. ముందు ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, ఎవరూ నీళ్లు వాడకుండా చూసి, నీటి మీటరు అంకె రాసుకోండి. గంటో రెండు గంటలో ఆగి మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో గొట్టం లీకవుతోంది. మీటరు లేకపోతే, పైట్యాంకు నింపి, అందులోకి నీరు వచ్చే వాల్వు మూసి మట్టం చూడవచ్చు. మురుగు గొట్టం లీకు మాత్రం ఈ పరీక్షలో దొరకదు. దానికి వాసనా, తడి ఎప్పుడూ ఒకే తీరుగా ఉండటమూ గుర్తులు.

రెండవది, డాబా మీది వాననీరు దిగే గొట్టాలు. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2500 లీటర్ల నీరు దిగుతుంది. అందులో పావు వంతు ఒక గొట్టం గుండా దిగినా 600 లీటర్లకు పైగా నీరు గోడ మొదట్లోనే పడుతుంది. మీ తడి మూలకు సరిగ్గా పైన, బయట, ఏముందో వెళ్లి చూడండి. వాన పడుతుండగా గొడుగు వేసుకుని చూడటం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే ఎండలో సరిగ్గా కనిపించే గొట్టం వానలో జాయింటు దగ్గర పొంగుతూ ఉండవచ్చు. వాన మొదలైన కొద్ది గంటల్లోనే లోపల తడి కనిపిస్తే అది పైనుంచి దిగుతున్న నీరు. వాన తగ్గిన కొన్ని రోజులకు మొదలై వారాల తరబడి ఉంటే భూగర్భ జలమట్టం పెరిగిందని అనుమానించాలి.

---

మెట్లకింద

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేశాను. ఫలితాలు ఇవి.

తెల్లని పొడి నీటిలో కరిగిపోయింది. కుళాయిలన్నీ కట్టేశాక మీటరు కదలలేదు. ప్లాస్టిక్ షీట్లలో తడి మూల దగ్గర గోడకు అంటించిన దాని వెనుక వైపు బాగా బొట్లు కట్టాయి. ఎదురు గోడ మీది షీటు వెనుక పొడిగా ఉంది, గది వైపు మాత్రం చేయి పెడితే చెమ్మ తగిలింది. నేల మధ్యలో అంటించిన షీటు పైన తడి ఉంది, కింద కాంక్రీటు రంగు కొంచెం ముదిరింది గానీ బొట్లు లేవు.

బయటి వైపు చూస్తే, సరిగ్గా ఆ మూలకు పైనే వాననీటి గొట్టం దిగి, గోడకు జానెడు దూరంలో మట్టిలో పోస్తోంది. అక్కడ మట్టి కుంగి నేల ఇంటివైపే వాలి ఉంది. దాని పక్కనే పూలమొక్కల పాదు కూడా ఉంది, రోజూ నీళ్లు పోస్తున్నాము. వాన మొదలైన రెండు మూడు గంటల్లోనే లోపల తడి గీత కనిపించింది. హైగ్రోమీటరు లోపల 78 శాతం చూపిస్తోంది. అంటే తవ్వించనవసరం లేదని అనుకోవచ్చా?

---

పునాదిరాయి

తవ్వకం గురించి ఇప్పుడే నిర్ణయించనవసరం లేదు అనుకోవచ్చు. మీ పరీక్షలు స్పష్టంగా ఉన్నాయి. మూలలో పైనుంచి దిగే నీరు, మిగతా గదిలో గాలిలోని ఆవిరి, నేల కింద కొంత తేమ. ఇవి మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో నయం కావు. మొదటిదానికి మీ మేస్త్రీలు చెప్పిన రెండు పనుల కంటే ఎంతో చిన్న పని సరిపోయే అవకాశం ఉంది.

ఇల్లు కట్టేటప్పుడు పునాది కోసం తవ్విన గుంతను గోడలు లేచాక మళ్లీ మట్టితో నింపుతారు. అలా నింపిన మట్టి పక్కనున్న గట్టి నేలంత దిట్టంగా సాధారణంగా ఉండదు. కాలం గడిచేకొద్దీ కుంగుతుంది, నీటిని పీల్చుకుంటుంది. చుట్టూ గట్టి నేల ఉండి గోడ పక్కన మాత్రమే గుల్ల మట్టి ఉన్నప్పుడు, పడిన నీరంతా ఆ సందులోనే చేరి గోడకు ఆనుకుని నిలుస్తుంది. మీ మూలలో జరుగుతున్నది ఇదే. కాబట్టి గొట్టం చివర పొడిగించి నీరు గోడకు కనీసం రెండు మీటర్ల అవతల పడేలా చేయండి. కుంగిన చోట బంకమట్టి కలిసిన మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించి, గోడనుంచి మొదటి మూడు మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల వాలు వచ్చేలా వాటం తీయించండి. పైన ఇసుక పోయకండి, ఇసుకలోంచి నీరు నేరుగా దిగిపోతుంది. పూలపాదును దూరంగా జరపండి. మట్టి ఎత్తు పెంచేటప్పుడు అది గోడ మీది తేమనిరోధక పొరను, అంటే డీపీసీని, దాటి పైకి పోకుండా చూసుకోవాలి. దాటితే కొత్త చెమ్మ పై అంతస్తు గోడల్లో మొదలవుతుంది.

ఆ పని అయ్యాక ఒక వానల కాలం గడవనివ్వండి. అప్పటికీ గోడా నేలా కలిసే చోట తడి వస్తే ఆ జాయింటును పట్టించుకోవాలి. గోడ పోసిన రోజూ శ్లాబు పోసిన రోజూ వేరు కాబట్టి ఆ రెండు కాంక్రీట్లు ఒకటిగా కలిసిపోవు. నిర్మాణ సమయంలోనే మధ్యలో పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ పెట్టి ఉండకపోతే అక్కడ ఎప్పటికీ ఒక సన్నని సందు ఉంటుంది. దానిలోకి పాలీయురెథేన్ ఇంజెక్షన్ చేయించవచ్చు. అది నీటితో చర్య జరిపి ఉబ్బి సందును నింపుతుంది, కాబట్టి తడి ఉన్నప్పుడు కూడా పనిచేస్తుంది, కొంత సాగుతుంది. ఎపాక్సీ ఇంజెక్షన్ వేరే అవసరానికి. విడిపోయిన కాంక్రీటును మళ్లీ బలంగా అతకడానికి దాన్ని వాడతారు, సాధారణంగా పగులు పొడిగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించి చేయించిన పనులు చాలా చూశాను.

గోడల మీద పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడండి. వెంట్రుకవాసి నిలువు పగుళ్లు చాలావరకు కాంక్రీటు ఎండేటప్పుడు కుంచించుకోవడం వల్ల వచ్చేవి. గోడ ఎత్తులో మధ్య దగ్గర అడ్డంగా సాగిన పగులు ఉండి, గోడ కొద్దిగా లోపలికి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చెమ్మ సంగతి పక్కన పెట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి. అది మట్టి ఒత్తిడికి గోడ లొంగుతున్న గుర్తు.

---

పాతగోడ

ఈ చర్చ చదివే ఇతరుల కోసం మా అనుభవం రాస్తున్నాను, ఎందుకంటే మాది మెట్లకింద గారి పరిస్థితికి పూర్తిగా భిన్నమైనది. మా చోట భూగర్భ జలమట్టం వానల కాలంలో సెల్లార్ నేల కంటే పైకి వస్తుంది. పక్కింటి గోడ ఆనుకుని ఉండటం వల్ల బయట తవ్వే వీలు కూడా లేదు. వాననీటి గొట్టాలు సరిచేసినా, వాటం తీసినా ప్రయోజనం కనిపించలేదు.

చివరికి లోపలినుంచే నీటికి దారి ఇచ్చాము. గోడల వెంట శ్లాబు అంచును కోసి, పునాది పక్కన కాలువలా తీసి, కడిగిన కంకర పరిచి, వడపోత గుడ్డ చుట్టిన చిల్లుల గొట్టాన్ని అందులో వేసి, అదంతా ఒక మూలనున్న సంపులోకి వాటంగా పోయేలా చేసి, పైన మళ్లీ కాంక్రీటు వేశారు. సంపులో నీరు పెరిగితే ఫ్లోట్ లేచి పంపు దానంతటదే పనిచేస్తుంది. తోడిన నీరు గొట్టంలోంచి వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు ఉండాలి. ఆ నీటిని ఇంటికి దగ్గరలోనే వదిలితే అదే నీరు మళ్లీ సంపులోకి వస్తుంది కాబట్టి దూరంగా వదలాలి. పెద్ద వాన పడే రోజునే కరెంటు పోవడం మామూలే, అందుకే బ్యాటరీతో నడిచే రెండో పంపును విలాసంగా కాక అవసరంగా చూడాలి. వానలు మొదలయ్యే ముందు బకెట్టుతో నీరు పోసి ఫ్లోట్ లేస్తోందో లేదో తప్పకుండా చూస్తాము.

ఈ కాలువ తీయించేవారికి ఒక హెచ్చరిక. పునాది అడుగుమట్టం కంటే కిందికి ఎట్టి పరిస్థితిలోనూ తవ్వనివ్వకూడదు. పునాది కింద మట్టి జారితే చెమ్మ కంటే ఎంతో పెద్ద ప్రమాదం. గోడ మొత్తం ఒకేసారి కాకుండా కొద్దికొద్ది భాగాలుగా పని సాగించమనండి.

---

గాలివాటు

మెట్లకింద గారి రెండో సమస్యకు, అంటే గాలిలోని తేమకు వస్తాను. 78 శాతం చాలా ఎక్కువ. అట్టపెట్టెల మీద మచ్చలకు అదే కారణం కావచ్చు. మూలలోని నీరు ఆగితే అది కొంత తగ్గుతుంది. మిగిలినదానికి డీహ్యూమిడిఫైయర్, అంటే గాలిలోని తేమను లాగేసే యంత్రం, వాడటం మంచిది. దాన్ని 50 శాతానికి అమర్చి, తలుపూ కిటికీలూ మూసి ఉంచాలి. చేరిన నీటిని రోజూ పారబోయడం మరచిపోతే యంత్రం ఆగిపోతుంది కాబట్టి గొట్టం తగిలించి నీరు తనంతట బయటికి పోయే ఏర్పాటు చేయండి. గది బాగా చల్లగా, 15 డిగ్రీల దగ్గర, ఉండేవారు మామూలు కంప్రెసర్ యంత్రం కొనే ముందు ఆలోచించాలి. దానిలోని చల్లని గొట్టపు చుట్ట మీద మంచు కట్టి పని మందగిస్తుంది. అలాంటి చోట తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం నయం.

అయితే మూల సరిచేయకుండా ఈ యంత్రం పెట్టవద్దని గట్టిగా చెబుతాను. గది గాలి ఎంత పొడిగా ఉంటే తడి గోడలోంచి నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. దాని వెంట మరింత ఉప్పు ఉపరితలానికి వచ్చి, ప్లాస్టరు ఇంకా త్వరగా రాలుతుంది. యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతుంది, గోడ చెడిపోతూనే ఉంటుంది.

చెక్క చట్రం కట్టి, వెనుక గ్లాస్‌వూల్ నింపి, పైన ప్లైవుడ్డో జిప్సం బోర్డో కొట్టించాలన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. గది గాలి ఆ సందులోకి వెళ్లి చల్లని గోడకు తగిలి అక్కడే నీరవుతుంది. జిప్సం బోర్డు మీది కాగితం బూజుకు ఆహారం. బయటికి గది అందంగా ఉంటుంది, వెనుక ఏం పెరుగుతోందో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఉబ్బసం ఉన్నవారికి అది మరీ హానికరం. గోడకు పొర వేయాల్సి వస్తే, గోడ పొడిగా ఉందని తేలాక, గట్టి ఫోమ్ బోర్డులను సందు లేకుండా నేరుగా గోడకే అంటించి, అతుకులు టేపుతో మూసి, వాటి పైన నిప్పును తట్టుకునే బోర్డు వేయాలి. అప్పుడు గది గాలికి చల్లని గోడ తగలదు. ఆ బోర్డు అడుగు అంచు నేలను తాకకుండా ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉంచమనండి.

---

ఇంటిపట్టున

బూజు శుభ్రం చేయడం గురించి ఎవరూ రాయలేదు. నేనైతే బ్లీచింగ్ ద్రావణం చల్లి తుడిచేదాన్ని. అది సరిపోతుందా?

---

గాలివాటు

గ్లేజు టైల్స్ వంటి నునుపైన వాటి మీద కొంత పనిచేస్తుంది. అట్ట, చెక్క, ప్లాస్టరు వంటి పీల్చే పదార్థాల్లో బూజు వేళ్లు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి పైన రంగు పోయినా లోపలిది ఉండిపోతుంది. పైగా చచ్చిన బూజు కూడా ఎలర్జీని కలిగిస్తుంది, అందువల్ల చంపడం కంటే తీసివేయడం ముఖ్యం. మచ్చలు పడిన అట్టపెట్టెలను అక్కడే కవరులో మూటగట్టి పారవేయాలి. గట్టి ఉపరితలాలను సబ్బునీటితో రుద్ది కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. పొడిగా ఉన్న బూజును చీపురుతో ఊడవకూడదు, బీజాలు గాలిలో కలుస్తాయి. బ్లీచింగ్‌ను అమోనియా ఉన్న ద్రావణాలతోనూ ఆమ్లాలతోనూ ఎన్నడూ కలపకూడదు, విషవాయువులు వెలువడతాయి.

బూజు పట్టిన మేర మొత్తం ఒక చదరపు మీటరు లోపు ఉంటే ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి ఇంట్లోవారే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించి ఉంటే ఆ పని తెలిసినవారికి అప్పగించాలి. మెట్లకింద గారూ, ఆ పని జరుగుతున్నంతసేపూ, ఆ తర్వాత గది పూర్తిగా ఆరే వరకూ మీ నాన్నగారిని కిందికి రానివ్వకండి. నీటిలో తడిసిన వస్తువు మీద 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలుకావచ్చు. అందుకే కొత్తగా తడి కనిపించినప్పుడల్లా ఆరబెట్టడంలో ఆలస్యం పనికిరాదు.

---

గొట్టంపని

ఎప్పుడైనా సెల్లార్‌లో నీరు నిలిస్తే, అందులో అడుగు పెట్టే ముందు పైనుంచే కరెంటు ఆపాలి. మెయిన్ బోర్డు సెల్లార్‌లోనే ఉంటే దాని జోలికి వెళ్లకుండా కరెంటువారిని పిలిపించాలి. కింది గదిలోని ప్లగ్గులకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, ఉందో లేదో చూసుకోండి.

వరద వచ్చి గది నిండా నీరు చేరినప్పుడు ఒక్కపెట్టున తోడేయాలని అందరికీ ఉంటుంది. అలా చేయకూడదు. బయట మట్టి నీటితో నిండి గోడను నెడుతూ ఉంటుంది, లోపలి నీరు ఆ నెట్టుడును కొంత కాచుతూ ఉంటుంది. లోపల ఒక్కసారిగా ఖాళీ చేస్తే గోడ లోపలికి కూలవచ్చు, శ్లాబు పైకి లేవవచ్చు. బయటి నీరు తీశాక, రోజుకు మూడో వంతు చొప్పున తోడటం క్షేమం.

---

మెట్లకింద

పని క్రమం ఇలా అనుకుంటున్నాను. ముందు వాననీటి గొట్టం, వాటం, పూలపాదు. ఆ తర్వాత బూజు పట్టినవి తీసేయడం, శుభ్రం చేయడం. తర్వాత డీహ్యూమిడిఫైయర్. లోపలి గోడ పని వానల కాలం గడిచాకే. పాడైన ప్లాస్టరును ఇప్పుడే కొట్టించాలా, అప్పటిదాకా ఉంచాలా? మళ్లీ ఎప్పుడు ప్లాస్టరు చేయించవచ్చు?

---

పునాదిరాయి

పెచ్చులు లేచిన మేర, దానికి పైన మరో అడుగు ఎత్తు వరకు, ఇప్పుడే కొట్టించండి. ఉప్పు నిండిన ప్లాస్టరు గాలిలోని తేమను కూడా పీలుస్తుంది కాబట్టి అది ఉన్నంతకాలం గోడ ఆరదు. బయటపడిన కాంక్రీటు మీది ఉప్పును ముందు పొడి బ్రష్షుతోనే దులిపి, ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. బూజు విషయంలో పొడిగా ఊడవవద్దన్నారు, ఉప్పు విషయంలో పొడిగానే దులపాలి. కాబట్టి ఏది ఉప్పో ఏది బూజో చూసుకున్నాకే బ్రష్షు పట్టండి, మాస్కు మాత్రం రెండింటికీ అవసరమే.

ఎప్పుడు ప్లాస్టరు చేయించాలన్నది క్యాలెండరు చూసి చెప్పలేము. తడిసిన కాంక్రీటు చాలా నెమ్మదిగా ఆరుతుంది, అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని స్థూలంగా లెక్కవేస్తారు. ఒకవైపు మట్టి ఉండి ఒక్కవైపే ఆరే గోడకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పెద్ద వాన పడిన ఒకటి రెండు రోజుల తర్వాత అదే మూలలో ప్లాస్టిక్ షీటు మళ్లీ అంటించండి. వెనుక పొడిగా ఉన్నట్టు వరుసగా రెండు మూడు వానల తర్వాత కనిపిస్తేనే పని మొదలుపెట్టండి. చివరన వేసే రంగు ఆవిరిని బయటికి పోనిచ్చే సున్నం ఆధారిత రకమైతే, మిగిలిన చెమ్మ ఏదైనా ఉంటే పొక్కు లేపకుండా బయటికి పోతుంది.

---

పాతగోడ

దానితో పాటు ఇంకొకటి చేయండి. ప్లాస్టరు కొట్టించాక తడి ఎక్కడి వరకు ఉందో దాని అంచు వెంట సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫోటో తీసుకోండి. ప్రతి పెద్ద వాన తర్వాతా కొత్త గీత గీయండి. గీతలు కిందికి దిగుతున్నాయంటే బయట చేసిన వాటం పనిచేస్తోంది. కదలకుండా ఉన్నా, పైకి పాకినా ఆ ఫోటోలు ఇక్కడ పెట్టండి. అప్పుడు ఇంజెక్షనా, బయట తవ్వడమా అన్నది వాటిని చూసి మాట్లాడుకుందాము.